పక్క మంచం ఫోర్‌మన్ సాబ్

మంగళవారం పొద్దున ఆటో ఫోర్‌మన్ గారి గల్లీలోకి తిరిగేసరికి ఇంటి ముందు షామియానా వేసి ఉంది. ప్లాస్టిక్ కుర్చీలు ఇంకా ఒకదాని మీద ఒకటి పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. ఆటో డ్రైవరు మల్లేశ్ ఇంజన్ ఆపి, వెనక్కి తిరిగి నా మొహం చూశాడు.

"సాబ్ పోయిండు సారూ," అన్నాడు. ఎవరూ వచ్చి చెప్పలేదు. ఇద్దరికీ తెలిసిపోయింది.

దిగి లోపలికి వెళ్లాను. ముందు గదిలో అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా తొడిగారు. చొక్కా ఎడమ చేతికి ఉండే జిప్పు మణికట్టు దాకా లాగి ఉంది. ఆయన పడుకుని ఉన్నప్పుడు ఆ జిప్పు పూర్తిగా వేసి ఉండగా చూడటం నాకు అదే మొదటిసారి. ఆయన కూతురు ఒక ప్రైవేటు బడిలో టీచరు. నన్ను చూసి లేచి వచ్చింది.

"నిన్న సాయంత్రం అంకుల్. టీ తాగుకుంట కూసున్నడు. జర ఆయాసమొస్తున్నదన్నడు. ఆటో కోసం తమ్ముడు బయటికి ఉరికిండు. వచ్చేవరకే అయిపోయింది."

నేను తల ఊపాను.

"సమాధి కార్యక్రమం పన్నెండు గంటలకు పెట్టుకున్నం. మీరు డయాలిసిస్‌కు పోండి అంకుల్. ఇది ఇడిసిపెట్టి ఈడ కూసుంటే డాడీకే నచ్చకపోవు."

నిజమే, నచ్చేది కాదు. నేను వెళ్లి ఆటోలో కూర్చున్నాను. మల్లేశ్ దబీర్‌పురాలోని డయాలిసిస్ కేంద్రం వైపు పోనిచ్చాడు.

మాకు కిడ్నీలు పనిచేయవు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు, ఒంట్లో రక్తాన్ని మిషన్‌లోకి పంపి శుభ్రం చేసి మళ్లీ ఒంట్లోకి ఎక్కిస్తారు. ఆ ఉచిత కేంద్రంలో పొద్దుటి షిఫ్టు మాది. కిటికీ పక్క మంచం ఆయనది, దాని పక్కది నాది. ఆ రోజు కిటికీ పక్క మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి ఉంది. టెక్నీషియన్ ఇమ్రాన్ రెండు ట్రేలు సిద్ధం చేసి పెట్టుకున్నాడు.

"సాబ్ రాలేదా అంకుల్?"

చెప్పాను. ఇమ్రాన్ ఆ మంచం మీది దుప్పటి అంచు సర్దాడు. తర్వాత ఒక ట్రే తీసి లోపల పెట్టేసి వచ్చి, నా చేతికి సూదులు గుచ్చాడు. సూది దిగినప్పుడు నొప్పి తెలిసింది. అది తప్ప ఇంకేమీ తెలియలేదు. పక్క మంచం వైపు చూశాను. ఖాళీగా ఉంది. ఖాళీగా ఉందని తెలుస్తోంది, అంతే.

నేను కృష్ణా జిల్లా వాడిని. గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా ఉద్యోగం వచ్చి ఈ ఊరు చేరి, ఉప్పుగూడలో చిన్న ఇల్లు కొనుక్కుని ఇక్కడే ఉండిపోయాను. కిడ్నీలు పోయాయని తెలిసిన కొత్తలో నాకు అందరి మీదా కోపమే. మందులు రాసిన డాక్టరు మీద కోపం, అన్నంలో ఉప్పు తగ్గించిన మా ఆవిడ మీద కోపం. ఆ కేంద్రానికి వెళ్లిన మొదటిరోజే, సూది సరిగ్గా పడలేదని ఇమ్రాన్ మీద గట్టిగా అరిచాను. కాసేపటికి అరిచినందుకు నాకే సిగ్గేసి, ఎవరినీ ఉద్దేశించకుండా, "ఏం చేస్తామండీ, మన చేతిలో ఏముంది?" అన్నాను.

పక్క మంచం మీదాయన చదువుతున్న పేపరు మడిచి, నా వైపు తిరిగాడు. డెబ్బైకి దగ్గర్లో ఉంటాడు. నున్నగా గీసిన గడ్డం, బుగ్గలు లోపలికి పోయిన మొహం, మందపాటి కళ్లద్దాలు.

"ఏమున్నది?" అన్నాడు.

"ఏంటండీ?"

"మీరే అడిగిన్రు గద సారూ, మన చేతిల ఏమున్నదని. ఆలోచన చేసి చెప్పుండ్రి. నాలుగు గంటల టైమున్నది మనకు."

వెటకారం చేస్తున్నాడనుకున్నాను. కానీ మొహంలో వెటకారం లేదు. నిజంగా జవాబు కోసం చూస్తున్నాడు. నేను అటు తిరిగి పడుకున్నాను. ఆయన వదల్లేదు. ఓ గంట పోయాక, "ఏమన్న దొరికిందా?" అని అడిగాడు. విసుగు పుట్టి, "నీళ్లు తక్కువ తాగడం," అన్నాను.

"అచ్ఛా. ఇంక?"

"టైముకి రావడం."

"ఇంక?"

ఇమ్రాన్ ఎదురుగా ఎవరికో బీపీ చూస్తున్నాడు. "ఆ అబ్బాయి మీద అరవకుండా ఉండటం," అన్నాను.

ఆయన మొహం విచ్చుకుంది. "మూడు దొరికినయ్. మరి ఉత్త చేతులేం గావు గద!" అని మళ్లీ పేపరు తీసుకున్నాడు.

మనం రోజుకి ఎన్నిసార్లు అనుకుంటామో ఆ మాట. అది చేతులెత్తేయడానికి అనే మాట. దాన్ని ప్రశ్నగా తీసుకుని జవాబు అడిగిన మనిషిని నేను ఆయన్ని తప్ప ఇంకెవర్నీ చూడలేదు.

ఆయన ఒక ప్రభుత్వ ఫ్యాక్టరీలో ఫోర్‌మన్‌గా చేసి రిటైరయ్యాడు. వార్డులో అందరికీ ఫోర్‌మన్ సాబ్. నేనొక్కడినే అలవాటు కొద్దీ ఫోర్‌మన్ గారూ అనేవాడిని. ఆయన నన్ను మొదట్లో సారూ అని, కొన్ని వారాలకి తమ్మీ అని పిలిచాడు. ఇళ్లు దగ్గరే కావడంతో మల్లేశ్ ఆటో ఇద్దరం కలిసి మాట్లాడుకున్నాం.

డ్యూటీకి వెళ్తున్నవాడిలా తయారై వచ్చేవాడు. ఇస్త్రీ చొక్కా, బెల్టు, పాలిష్ చేసిన చెప్పులు. సూదులు ఎడమ చేతికి వేస్తారు కాబట్టి మేమంతా పొట్టి చేతుల చొక్కాలు వేసుకుని వెళ్లేవాళ్లం. ఆయనకి పొట్టి చేతులంటే గిట్టదు. పత్తర్‌గట్టిలో ఒక ముసలి దర్జీని పట్టుకుని, తన చొక్కాలన్నిటికీ ఎడమ చేతిని పొడుగునా కోయించి జిప్పులు పెట్టించుకున్నాడు. మంచం మీద కూర్చుని జిప్పు సర్రున పైకి లాగి, చెయ్యి చాపి, "కానియ్ బేటా," అనేవాడు ఇమ్రాన్‌తో. సూది వేస్తున్నంతసేపూ ఇమ్రాన్ మొహమే చూసేవాడు. ఇమ్రాన్ మొహం బాగాలేకపోతే, "ఇంట్ల అంత మంచిదేనా?" అని అడిగేవాడు.

ఆటోలో వెళ్లేటప్పుడు ఆయనకో అలవాటు. రైల్వే స్టేషను దాటగానే మొదలుపెట్టేవాడు. "ఇయ్యాల కరెంటు పోవచ్చు తమ్మీ. సూది ఒక్కసారికి పడకపోవచ్చు. ఆ ఎదురు మంచం పెద్దమనిషి మళ్ల టీవీ సౌండు పెంచొచ్చు. డాక్టర్ వచ్చి రిపోర్టు మంచిగ లేదని చెప్పొచ్చు."

"పొద్దున్నే ఆ అపశకునం మాటలెందుకండీ?" అన్నాను ఒకసారి చిరాగ్గా.

"శకునం గాదు. ముందుగాల్నే అనుకుంటే, అయినప్పుడు కొత్తగుండదు. కాకపోతే ఫాయిదానే గద."

ఆ లెక్కన రోజూ ఆయనకి లాభమే. ఇంటికి వచ్చేటప్పుడు ఇంకో పని. ఆ రోజు తనెలా ఉన్నాడో తనే తీర్పు చెప్పుకునేవాడు. "ఇయ్యాల పాస్." లేదంటే, "ఇయ్యాల ఫెయిల్. ఆ సిస్టర్ మీద ఊకెనే మొకం మాడ్చుకున్న." ఒక ఎండాకాలం పత్తర్‌గట్టిలో దర్జీ దగ్గరికి వెళ్లి, దాహం ఆపుకోలేక లస్సీ తాగేశాడు. పెద్ద గ్లాసు నిండా. మాకు నీళ్లు ఒంట్లోనే నిలిచిపోతాయి, ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. మర్నాడు ఆయాసపడుతూ ఆటో ఎక్కాడు. మల్లేశ్ కంగారుపడి ఏమైంది సాబ్ అంటే, "ఏం గాలే. లస్సీ తాగిన. తెలిసే తాగిన. మస్తుండె," అన్నాడు. తప్పు ఎవరి మీదా పెట్టలేదు, ఎండ మీద కూడా.

ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. కొత్తగా ఫోర్‌మన్ అయినప్పుడు ఫ్యాక్టరీవాళ్లు ట్రైనింగు ఇప్పించారట. మనుషులతో పని చేయించడం ఎలా అని. పాఠం చెప్పడానికి వచ్చినాయన ఒక మధ్యాహ్నమంతా స్టోయిక్కుల గురించి చెప్పాడట. ఎప్పుడో రెండు వేల ఏళ్ల కిందట గ్రీసులో, రోములో ఉండేవాళ్లు. మన వశంలో ఉన్నదేదో, లేనిదేదో ముందు విడదీసుకోవాలి, వశంలో ఉన్నదాని మీదే మనసు పెట్టాలి అన్నవాళ్లు.

"అందరు నిద్ర పోయిన్రు తమ్మీ, అన్నం తిన్నంక క్లాసు గద. నేను గూడ పోదునే. గాని ఆయన ఒక మాట అన్నడు. గిది చెప్పినోళ్లల్ల ఒకాయన బానిస అంట, ఒకాయన చక్రవర్తి అంట. బానిస, రాజు ఇద్దరు ఒక్కటే ముచ్చట చెప్పిన్రంటే అండ్ల ఏదో ఉన్నట్టే అనుకున్న. గంతే. ఎక్కువ చదువలే నేను."

ఫ్యాక్టరీ షాపులో, అంటే మిషన్లుండే షెడ్డులో, దాన్ని ఎలా వాడేవారని అడిగితే చాలాసేపు ఆలోచించాడు. ఆయనకి గొప్పలు చెప్పడం రాదు. చివరికి ఒకటి చెప్పాడు. ఎవరైనా కొత్త కుర్రాడు మిషన్ మీద ఖరీదైన సామాను పాడుచేస్తే, పైనుంచి మేనేజరు అరుచుకుంటూ దిగేవాడట. ఈయన ముందుగా కుర్రాడి దగ్గరికి వెళ్లి, "చెయ్యి మంచిగున్నదా?" అని అడిగేవాడట. "సామాను కరాబైంది, అయిపోయింది. ఇంక అది నా వశం గాదు. పిల్లగాడు రేపటిసంది ఎట్ల పని చేస్తడన్నది నా వశం. షాపుల అందరు ఫోర్‌మన్ మొకమే చూస్తరు తమ్మీ. నా మొకం కరాబైతే ముప్పై మొకాలు కరాబైతయ్."

నేను అది కళ్లారా చూసింది మంచినీటి మోటారు కాలిపోయిన రోజు.

మా మిషన్లకి వడగట్టిన నీళ్లు చాలా కావాలి. ఆ రోజు పొద్దున మేం వెళ్లేసరికి ఆ నీళ్ల ప్లాంటు మోటారు కాలిపోయి ఉంది. ట్యాంకులో మిగిలిన నీళ్లతో సగం మిషన్లే నడుస్తాయి. మెకానిక్కు ఎప్పుడొస్తాడో తెలియదు. వరండా నిండా జనం. రోగుల వెంట వచ్చిన వాళ్లు అరుస్తున్నారు. నస్రీన్ అనే అమ్మాయి, ఇద్దరు చిన్నపిల్లల తల్లి, గోడకి ఆనుకుని రొప్పుతోంది. వాళ్ల అన్న ఇమ్రాన్ కాలరు పట్టుకుని గోడకి నొక్కేశాడు. ఇమ్రాన్ చేతులు రెండూ పైకెత్తి నిలబడ్డాడు.

ఫోర్‌మన్ గారికి ఆ రోజు పాదాలు వాచి చెప్పుల్లో పట్టడం లేదు. వరండాలో అడుగుపెట్టి, ఆగి, కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నాడు. ఎవరినైనా గట్టిగా అనబోయే ముందు ఆయన చేసే పని అది. అద్దాలు పెట్టుకునేసరికి అనాలనుకున్నది తగ్గిపోయేదనుకుంటాను. నెమ్మదిగా నడిచి వెళ్లి నస్రీన్ అన్న భుజం మీద చెయ్యి వేశాడు.

"బేటా, తేరేకు క్యా హోనా?" నీకేం కావాలి అని అడిగాడు.

"మిషన్ చల్నా!" మిషన్ నడవాలి అని అరిచాడతను.

"ఇస్కా కాలర్ పకడే తో మిషన్ చల్తా క్యా?"

వీడి కాలరు పట్టుకుంటే మిషన్ నడుస్తుందా. అంతే అడిగాడు. నడుస్తుందేమో నువ్వే చెప్పు అన్నట్టు అడిగాడు. ఆ కుర్రాడు కాలరు వదిలేశాడు. వదిలిన చేతిని ఏం చేసుకోవాలో తెలియక ప్యాంటుకి తుడుచుకున్నాడు.

అప్పుడు ఫోర్‌మన్ గారు అందరివైపూ తిరిగాడు. గొంతు పెంచలేదు. వినాలంటే మేమే లొల్లి ఆపాల్సి వచ్చింది.

"నీళ్లు సగమున్నయ్. అది ఎవలం మార్చలేం. ఎవరు ముందు, ఎవరు ఎనక అన్నది మార్చొచ్చు. పండుకుంటే ఊపిరి ఆడనోళ్లు ముందుకు రాండ్రి. అబద్ధం చెప్పకుండ్రి. సిస్టర్ ఒక్కొక్కలను చూస్తది. సిస్టర్ చెప్పిందే ఆఖరి మాట. సరేనా?"

సిస్టరు వచ్చి ఒక్కొక్కరి గుండె మీద గొట్టం పెట్టి వింది. మొదట నస్రీన్‌ని లోపలికి తీసుకెళ్లారు. తర్వాత కొందరిని. ఆయన వంతు వచ్చినప్పుడు సిస్టరు, "మీకు కూడా ఆయాసం ఉంది కదా సాబ్?" అంది.

"ఉన్నది సిస్టర్, లేదంటలేను. గాని నేను కూసోగలుగుతున్న. గా పెద్దమ్మ కూసోలేకపోతున్నది. ఆమెను తీసుకపో."

మధ్యాహ్నం దాటాక మెకానిక్కు వచ్చాడు. అప్పటిదాకా ఆయన బెంచీ మీద, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, వీపు నిటారుగా పెట్టుకుని కూర్చున్నాడు. మధ్యమధ్య నస్రీన్ అన్న వచ్చి పక్కన కూర్చునేవాడు, లేచిపోయేవాడు. అందరిలోకీ చివరగా ఆయన్ని మిషన్‌కి పెట్టారు. రెండు గంటలే దొరికింది.

తిరిగి వచ్చేటప్పుడు, "పాసా, ఫెయిలా?" అని నేనే అడిగాను.

"ఇయ్యాల మస్తు భయమైంది తమ్మీ," అన్నాడు.

"మీకా?"

"ఊపిరి అందకుంటే ఎవలకైన భయమైతది. గాడ ఉన్న పిల్లగాండ్లకు ఆ సంగతి తెల్వాల్సిన పని లేకుండె. నీకు చెప్తున్న గద."

మరుసటి చలికాలం ఆయన భార్య పోయింది. గుండెపోటు. రోజూ గుమ్మం దాకా వచ్చి, ఆయన జేబులో రుమాలు ఉందో లేదో చూసి ఆటో ఎక్కించే మనిషి. శుక్రవారం మట్టి చేశారు. శనివారం పొద్దున మల్లేశ్ నన్ను ఎక్కించుకుని ఆ గల్లీ వైపు తిప్పకుండా నేరుగా పోబోతుంటే, ఫోర్‌మన్ గారు మెయిన్‌రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, బెల్టు. ఎక్కి కూర్చున్నాడు. స్టేషను దాటినా ఆ రోజు జరగబోయే చెడ్డలేవీ చెప్పలేదు.

వార్డులో గుసగుసలాడుకున్నారు. రాయి, అన్నారెవరో. నేను కాదనలేదు. మిషన్ ఎక్కేముందు మమ్మల్ని తూకం వేస్తారు, ఒంట్లో ఎన్ని నీళ్లు చేరాయో చూడటానికి. ఆయన తూకం మీద ఎక్కి, అంకె చూసి, కాసేపు దిగలేదు.

"రెండు రోజుల సంది ఏడుస్తనే ఉన్న ఇమ్రాన్," అన్నాడు. "అరకిలో అన్న తగ్గుతదనుకున్న. తగ్గలే."

ఇమ్రాన్ ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అప్పుడు చూశాను, అద్దాల వెనక కళ్లు ఉబ్బి ఉన్నాయి.

అప్పటికి ఆయన పద్ధతి నేనూ పట్టుకున్నాను. ఏదైనా జరిగితే, నా చేతిలో ఉందా లేదా అని చూసుకునేవాడిని. లేదంటే వదిలేసేవాడిని. మొదట్లో కష్టమనిపించింది. తర్వాత తేలికైంది. తర్వాత ఎంత తేలికైందంటే, అసలు ఏదీ నా దాకా వచ్చేది కాదు. మా ఆవిడ ఏదైనా చెబితే వినేవాడిని, వినడం అయ్యాక మర్చిపోయేవాడిని. ఈ వేసవిలో ఊళ్లో మా అన్నయ్య పోయాడు. ఫోన్‌లో వదిన చెప్పింది. సరే అన్నాను. డయాలిసిస్ ఉంది, అంత దూరం రాలేను అన్నాను. ఫోన్ పెట్టేసి, కంచం ముందు కూర్చుని అన్నం పూర్తిగా తిన్నాను. మా ఆవిడ నన్నే చూస్తూ ఉండిపోయింది.

మర్నాడు తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో ఫోర్‌మన్ గారికి చెప్పాను. మెచ్చుకుంటాడనుకున్నాను.

"మీరు చెప్పింది బాగా పట్టుబడిందండీ. నాకు ఏమీ అనిపించలేదు."

ఆయన ఒక్కసారిగా నా వైపు తిరిగాడు. "ఏమనిపించలేదా?"

"లేదండీ."

"ఏడుపు రాలే?"

"రాలేదు."

కళ్లద్దాలు తీశాడు. తుడవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

"నేను చెప్పింది గిది గాదు తమ్మీ," అన్నాడు చివరికి. "మా షాపుల ఒకడుండె. మిషన్ల చెయ్యి నలిగి నరాలు పోయినయ్. వేడి గిన్నె పట్టుకున్నా తెల్వకపోతుండె. నొప్పి లేదు గద అని సంబురపడుతుండె వాడు. నేను మాత్రం వానిని కొలిమి దిక్కు పోనియ్యలే. నొప్పి తెల్వనోడు కాలిపోయినా చూసుకోడు."

నేను రోడ్డు వైపు చూశాను.

"మీ అన్న ఎట్లుంటుండె?"

"ఎలా అంటే?"

"పొడుగా, పొట్టా? నిన్ను కొడుతుండెనా? చెప్పు."

చెప్పాను. వయసు, ఉద్యోగం, పిల్లలు. ఆఫీసు కాగితం చదివినట్టు చెప్పాను. ఆయన మొత్తం విన్నాడు. ఆయన గల్లీ వచ్చింది. మల్లేశ్ ఆటో ఆపాడు. ఆయన దిగలేదు.

"అది గాదు. ఇంకోటి చెప్పు. మీ అన్నతోటి సైకిలెక్కినవా ఎప్పుడన్న?"

ఎక్కాను. బందరు కాలవ గట్టు మీద, ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తొక్కేవాడు. గడ్డం నా నెత్తికి తగులుతూ ఉండేది. అది చెప్పాను. ఊ, అని దిగి వెళ్లిపోయాడు.

అప్పట్నుంచి ఆటో ఎక్కినప్పుడల్లా మా అన్నయ్య గురించి ఏదో ఒకటి అడిగేవాడు. ఏం కూర ఇష్టం, ఎవరితో పోట్లాడేవాడు, నీ పెళ్లిలో ఏం చేశాడు. జరగబోయే చెడ్డలు చెప్పడం మానేసి ఇదే పెట్టుకున్నాడు. నేను చెప్పేవాడిని. చెబుతుంటే నాకు అన్నీ గుర్తొచ్చేవి, కానీ అవి ఇంకెవరివో అనిపించేవి. ఆయనకి అది తెలుసనుకుంటాను. పోయిన నెలలో బాగా నీరసించిపోయాడు. గొంతు లేవడం లేదు. అయినా శనివారం దిగబోతూ ఆటో కడ్డీ పట్టుకుని ఆగి, "మీ అన్నది నవ్వు పెద్దగుండెనా, చిన్నగనా?" అని అడిగాడు.

"పెద్దగా. వీధి చివరికి వినపడేది."

"అచ్ఛా," అన్నాడు. అదే ఆఖరి మాట మా మధ్య.

మంగళవారం, మిషన్ మీద మూడు గంటలు అయ్యాయి. గోడ గడియారంలో పదకొండు దాటింది. ఇమ్రాన్‌ని పిలిచి తీసేయమన్నాను.

"ఇంకా గంట ఉంది అంకుల్. నీళ్లు బాకీ ఉన్నాయి ఒంట్లో. డాక్టర్ తిడతాడు."

"తిట్టనీ. నేను వెళ్లాలి."

సిస్టరు వద్దంది. ఆయన తిరిగి రాడు, మీరు వెళ్లినా వెళ్లకపోయినా ఆయనకి తేడా లేదు కదా అంది. ఆ మాటా నిజమే. అయినా నేను వెళ్లడమన్నది నా చేతిలో ఉన్న పని. నాకు వెళ్లాలనిపించి కాదు. అనిపించడం కోసం ఎదురుచూస్తే ఎప్పటికీ వెళ్లనని తెలిసి. ఇమ్రాన్ సూదులు తీసి, దూది గట్టిగా అదిమి, ప్లాస్టరు వేసి, "నా సలాం చెప్పండి అంకుల్," అన్నాడు.

నేను సమాధుల తోటకి చేరేసరికి పాస్టరుగారు ప్రార్థన ముగిస్తున్నాడు. జనం ఎక్కువ లేరు. చుట్టాలు, ఫ్యాక్టరీలో ఆయన దగ్గర పనిచేసిన కొందరు ముసలివాళ్లు. వెనకగా నస్రీన్ అన్న చేతిరుమాలు తలకి కట్టుకుని నిలబడ్డాడు. నా వంతు వచ్చినప్పుడు కుడిచేత్తో మట్టి తీసి వేశాను. ఇమ్రాన్ సలాం చెప్పాను. పైకే చెప్పాను. ఎవరూ వింతగా చూడలేదు. అప్పుడు కూడా నాకు ఏమీ అనిపించలేదు.

గేటు దగ్గర కూతురు నన్ను ఆపింది.

"డయాలిసిస్ మధ్యల ఇడిసిపెట్టి వచ్చిన్రా అంకుల్?"

"గంట ముందు."

ఆమె కోప్పడబోయి మానేసింది. "డాడీకి మీదే ఫికర్ ఉండె. ఆదివారం గూడ అన్నడు, మా సారుకు కోపం పోయింది, మంచిగైంది, గాని దాని ఎంబడి నవ్వు గూడ పోయింది, అది నా తోటే అయిందో ఏమో అని."

"ఆయన వల్ల కాదమ్మా," అన్నాను.

"నేను గూడ గదే అన్న. వినలే."

ఇంటికి వచ్చి పడుకున్నాను. మా ఆవిడ వేడినీళ్లు పెట్టింది. మట్టి చేతిని తనే కడిగింది.

గురువారం వెళ్లేసరికి తూకం బాగా ఎక్కువ చూపించింది. డాక్టరు తిట్టాడు. కిటికీ పక్క మంచం మీద ఎవరో కొత్తాయన పడుకుని ఉన్నాడు, నిద్రపోతున్నాడు. ఎక్కువ నీళ్లు లాగాలి కాబట్టి ఇమ్రాన్ మిషన్‌ని అందుకు తగ్గట్టు పెట్టాడు. అలా లాగినప్పుడు ఒక్కోసారి పిక్కలు బిగుసుకుపోతాయి. మూడో గంటలో నాకు కుడికాలు పట్టేసింది. కత్తి దింపినట్టు. గట్టిగా అరిచాను. ఇమ్రాన్ పరిగెత్తుకొచ్చి, పాదాన్ని వెనక్కి వంచి పట్టుకుని, పిక్క మర్దన చేయడం మొదలుపెట్టాడు.

నేను అరుస్తూనే ఉన్నాను. అరుపు ఏడుపైంది. అన్నయ్యా అన్నాను. వార్డంతా నా వైపు తిరిగింది. కొత్తాయన లేచి కూర్చోబోయాడు. సిస్టరు వచ్చి సెలైన్ వేగం పెంచి వెళ్లింది. ఎన్ని నెలలవో తెలియదు, కన్నీళ్లు చెవుల్లోకి కారిపోతున్నాయి.

"దర్ద్... నొప్పి ఇంకా ఉందా అంకుల్?" ఇమ్రాన్ అడిగాడు, కాలు వదలకుండా.

"ఉంది," అన్నాను.

పిక్క అప్పటికే సర్దుకుంది. ఆ సంగతి ఇమ్రాన్‌కి చెప్పలేదు. అతను మర్దన చేస్తూనే ఉన్నాడు.